నలుగురు మిగిలినప్పుడు ఫ్లష్ డ్రా: కాల్ చేయాలా, పడేయాలా?

తమ్మీ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. చదివే మిగతావాళ్ల కోసం ముందు ఆ చేతిని మళ్లీ టేబుల్ మీద పరుస్తాను.

కరీంనగర్‌లో మీరు ఎనిమిది మంది స్నేహితులు నెలకోసారి డబ్బు లేకుండా, ఉత్త చిప్స్‌తో పోకర్ టోర్నమెంట్ ఆడుకుంటున్నారు. మనిషికి 10,000 చిప్స్. గెలిచినవాడికి 5 పాయింట్లు, రెండో స్థానానికి 3, మూడో స్థానానికి 2, మిగతావాళ్లకు సున్నా. మొన్న నలుగురు మిగిలారు, అందరి దగ్గరా 20,000. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా పెట్టేవి, 500 (స్మాల్), 1,000 (బిగ్). నువ్వు బిగ్ బ్లైండ్. చేతిలో ఆటీన్ 9, ఆటీన్ 8. బటన్ (పంచేవాడి స్థానం) మీదున్న అతను 2,500కి పెంచాడు, స్మాల్ బ్లైండ్ పడేశాడు, నువ్వు కాల్ చేశావు, అంటే అతనంతే పెట్టి ఆటలో నిలిచావు. పాట్, అంటే మధ్యలో పోగైన చిప్స్, 5,500. ఫ్లాప్‌లో, అంటే అందరికీ కలిపి బోర్డు మీద తెరిచే మొదటి మూడు ముక్కల్లో, ఆటీన్ రాజు, ఆటీన్ 4, కళావర్ 2 పడ్డాయి. నీకు ఆటీన్‌లు నాలుగయ్యాయి, ఐదోది పడితే ఫ్లష్; ఫ్లష్ డ్రా అంటే అదే. నువ్వు చెక్ అన్నావు (ఏమీ పెట్టకుండా ఆగావు), అతను మిగిలిన 17,500 మొత్తం తోసేశాడు, అంటే ఆల్ ఇన్. నువ్వు కాల్ చేశావు. అతను ఆసు, రాజు చూపించాడు. నీకు ఆటీన్ రాలేదు, నాలుగో స్థానంలో లేచిపోయావు. "35 శాతం ఉంది కదన్నా, తప్పెక్కడ?" అని ఒక ప్రశ్న. "అసలు ఫ్లాప్‌కి ముందే పడేయాల్సిందా?" అని రెండోది.

మొదటిదానికి సూటిగా చెప్తాను: అది ఫోల్డ్, అంటే పడేయాల్సిన చెయ్యి. దగ్గరదగ్గర ఫోల్డ్ కూడా కాదు, చాలా దూరం. ఎంత దూరమో అర్థం కావాలంటే రెండు లెక్కలు చూడాలి. ఒకటి చిప్స్ లెక్క, రెండోది పాయింట్ల లెక్క. నువ్వు చిప్స్ లెక్క కూడా సగమే వేశావు.

35 శాతం అన్నావు, అది నిజమే. నీకు కనిపించనివి 47 కార్డులు, అందులో ఆటీన్‌లు 9. టర్న్, రివర్ (తర్వాత తెరిచే నాలుగో, ఐదో ముక్కలు) రెండూ చూస్తే వాటిలో ఒకటైనా పడే అవకాశం 35 శాతం. కానీ ఆ సంఖ్యను దేనితో పోల్చాలి? నువ్వు 17,500 పెట్టి, పాట్‌లో ఉన్న 5,500, అతను తోసిన 17,500, కలిపి 23,000 గెలవడానికి చూస్తున్నావు. 17,500ని మొత్తం 40,500తో భాగిస్తే 43 శాతం వస్తుంది. అంటే నూటికి 43 సార్లు గెలిస్తేనే చిప్స్ సరికి సరి. నీకున్నది 35. ఇక్కడికే అది నష్టపు కాల్.

ఇప్పుడు పాయింట్ల లెక్క. టోర్నమెంట్‌లో చిప్స్‌ని ఇంటికి తీసుకుపోము, స్థానాన్ని తీసుకుపోతాం. అందుకే ఎవరి దగ్గర ఎన్ని చిప్స్ ఉంటే సగటున ఎన్ని పాయింట్లు వస్తాయో లెక్కగట్టే పద్ధతి ఒకటి వాడతారు. దాన్ని ఐసీఎం (ఇండిపెండెంట్ చిప్ మోడల్) అంటారు. గుర్రప్పందేల్లో ఏ గుర్రం రెండోది వస్తుంది, ఏది మూడోది వస్తుంది అని అంచనా వేయడానికి 1973లో హార్విల్ అనే గణాంక శాస్త్రవేత్త రాసిన సూత్రమే దీనికి మూలం. నీ చేతికి ఆ లెక్క కాగితం మీద వేశాను.

నువ్వు ఫోల్డ్ చేస్తే నీ దగ్గర 17,500 మిగులుతాయి. నలుగురిలో అందరికన్నా తక్కువే అయినా వాటి విలువ సుమారు 2.29 పాయింట్లు. కాల్ చేసి గెలిస్తే నీ దగ్గర 40,500, అంటే టేబుల్ మీదున్న చిప్స్‌లో సగం పైన. వాటి విలువ 3.85 పాయింట్లు. ఓడితే సున్నా. మళ్లీ చూడు: చిప్స్ రెండింతల పైన పెరిగాయి, పాయింట్లు రెండింతలు కాలేదు. 2.29ని 3.85తో భాగిస్తే దాదాపు 60 శాతం. నలుగురు మిగిలి ముగ్గురికి పాయింట్లు ఉన్న ఆ నిమిషంలో, కాల్ చేయాలంటే నూటికి 60 సార్లు గెలిచే చెయ్యి కావాలి. నీది 35.

నేను ఈ విషయం మీద ఇంతగా నిలబడటానికి కారణం ఉంది. నీ చేతిలో 9, 8 బదులు ఫ్లష్ డ్రాతో పాటు రెండు వైపులా తెరుచుకున్న స్ట్రెయిట్ డ్రా (వరసగా నాలుగు ముక్కలు, ఏ చివర ఐదోది పడినా స్ట్రెయిట్) కూడా ఉందనుకో. 15 ఔట్లు, అంటే పడితే నిన్ను గెలిపించే ముక్కలు. డ్రాల్లో అంతకన్నా పెద్దది అరుదు. రెండు కార్డులు చూస్తే 54 శాతం. ఒక జత పట్టుకున్నవాడి కన్నా నువ్వే ముందున్నట్టు. చిప్స్ లెక్కలో కళ్లు మూసుకుని కాల్ చేయొచ్చు. నీ టేబుల్ మీద ఆ నిమిషంలో అది కూడా ఫోల్డే, ఎందుకంటే 60 కావాలి. మొదటిసారి ఈ లెక్క వేసినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. మూడుసార్లు వేసి చూశాను.

రమ్మీ ఆడిన ఇంట్లో పెరిగినవాళ్లకు ఈ సంగతి కొత్తేమీ కాదు, పేరు మాత్రమే కొత్తది. 101 పూల్ ఆట గుర్తు చేసుకో. పదమూడు ముక్కలు పంచారు, లైఫ్ లేదు, జోకర్ లేదు. మొదటి డ్రాప్ 20, మధ్యలో డ్రాప్ చేస్తే 40, చివరిదాకా ఆడి దొరికిపోతే 80 దాకా. స్కోరు 10 మీద ఉన్నవాడు ఆ చేతిని 20కి పడేసి కాళ్లు చాపుకుని కూర్చుంటాడు. అవే పదమూడు ముక్కలు 82 మీద ఉన్నవాడికి వస్తే డ్రాప్ చేయలేడు, 20 కలిపితే 102, ఆట అయిపోయింది. ఆడి తీరాలి. ముక్కలు మారలేదు, మనిషి ఉన్న చోటు మారింది. మా మేనమామ ముక్కలు ఎత్తకముందే స్కోరు కాగితం వైపు చూసేవాడు. డ్రా చేతికి కూడా నేను ముందు అదే చేస్తాను: ఎంతమంది మిగిలారు, ఎవరి దగ్గర ఎంత ఉంది, ఎంతమందికి ఏదైనా వస్తుంది. ఆ తర్వాతే ఆటీన్‌లు లెక్కపెడతాను.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. డ్రా చేతితో కాల్ చేయడం వేరు, అదే చేతితో ముందుగా నువ్వే తోసేయడం వేరు. కాల్ చేస్తే నీకు గెలవడానికి ఒకటే దారి, కార్డు పడాలి. నువ్వు తోస్తే రెండు దారులు: అవతలివాడు పడేయొచ్చు, పడేయకపోతే కార్డు పడొచ్చు.

నీ చేతినే తీసుకుందాం. అతను ఆల్ ఇన్ అనకుండా 2,500 బెట్ వేశాడనుకో. పాట్ 8,000 అయింది. నువ్వు 17,500 మొత్తం తోశావు. అతను పడేస్తే నీకు 25,500, విలువ సుమారు 2.91 పాయింట్లు. కాల్ చేస్తే నీ 35 శాతం మీద సగటున 1.35. ఫోల్డ్ చేస్తే ఎటూ 2.29 ఉంది. ఈ మూడూ కలిపి చూస్తే అతను పదిసార్లలో ఆరుసార్లు పడేస్తేనే నీ తోపు లాభం. ఒట్టి చిప్స్ లెక్కలో అయితే పదింటిలో మూడుసార్లు పడేసినా చాలు. పాయింట్ల గీత దగ్గర ఆ మూడు ఆరు అయింది.

మరి అతను పదిలో ఆరుసార్లు పడేస్తాడా? ఇక్కడ మనిషిని చూడాలి. అతని దగ్గర మిగిలింది 15,000, కాల్ చేసి ఓడితే అతనికీ సున్నా. ఆ భయం నీ ఒక్కడిదే కాదు. బటన్ మీద నుంచి ఏ రెండు ముక్కలతోనైనా పెంచే అలవాటు ఉన్నవాడైతే, రాజు తగలని చేతులు అతని దగ్గర చాలా ఉంటాయి, అవన్నీ పడేస్తాడు. అప్పుడు తోయొచ్చు. "జత పడితే వదలను" అనే రకమైతే, మంచి చేతులతోనే పెంచేవాడైతే, వద్దు. మీ ఎనిమిది మంది నెలనెలా ఆడుకుంటారు కాబట్టి ఎవరు ఏ రకమో నాకన్నా నీకే బాగా తెలుసు.

ఉత్త కాల్ సంగతి కూడా చెప్పాలి, ఎక్కువమంది పొరపడేది అక్కడే. 2,500 బెట్‌కి కాల్ చేసి టర్న్ చూద్దాం అనుకుంటే నీ అవకాశం 35 కాదు, 19 శాతం. నువ్వు కొన్నది ఒక్క కార్డు. టర్న్‌లో అతను మళ్లీ గట్టిగా బెట్ వేస్తే రివర్ చూడటానికి మళ్లీ డబ్బులు కట్టాలి, చిప్స్ అనాలి. ఔట్లని నాలుగుతో గుణించే చిట్కా రెండు కార్డులూ ఖాయంగా చూస్తున్నప్పటిది, అంటే ఆల్ ఇన్ అయినప్పటిది. ఒక్క కార్డుకైతే రెండుతో గుణించాలి. ఔట్లు ఎక్కువైనకొద్దీ నాలుగు చిట్కా అబద్ధం కూడా చెప్తుంది. 15ని నాలుగుతో గుణిస్తే 60 వస్తుంది, నిజం 54.

2,500 పెట్టి 8,000 కోసం ఆడితే దాదాపు 24 శాతం కావాలి, ఉన్నది 19. ఆ తేడా పూడాలంటే ఆటీన్ పడ్డాక అతని దగ్గర నుంచి సగటున ఇంకో 2,600 దాకా రావాలి. మూడో ఆటీన్ బోర్డు మీద పడ్డాక, పాయింట్ల గీత దగ్గర, అతను అంత ఇస్తాడా? ఒక్కోసారి ఇస్తాడు. ఇచ్చినప్పుడు కూడా అతని దగ్గర ఆటీన్ రాణో ఆటీన్ జాకీయో ఉండి నీ 9 ఫ్లష్‌ని కొట్టేసే సందర్భాలు ఉంటాయి. 9 ఫ్లష్, ఆసు ఫ్లష్ ఒకటి కాదు. ఆటీన్ ఆసుతో డ్రా ఉంటే ఫ్లష్ పడ్డప్పుడు నిద్ర పడుతుంది, పైగా ఒట్టి ఆసు పడినా కొన్నిసార్లు చాలు, 12 ఔట్లు, దాదాపు 45 శాతం. అలాగే స్ట్రెయిట్ డ్రాకి 8 ఔట్లు అనుకుంటాం కానీ బోర్డు మీద ఒకే గుర్తువి రెండుంటే ఆ ఎనిమిదిలో రెండు అవతలివాడి ఫ్లష్‌ని పూర్తి చేయొచ్చు. వాటిని సగం లెక్కనే వేసుకో.

టోర్నమెంట్ మొదట్లో కథ వేరు. 10,000 చిప్స్, బ్లైండ్లు 50, 100. పాట్ 600, అతను 300 వేశాడు. 25 శాతం కావాలి, 19 ఉంది, అయినా కాల్ చేస్తాను. ఎందుకంటే కార్డు పడితే సగటున ఇంకో 370 వస్తే చాలు, అతని వెనక 9,000 పైన ఉన్నాయి. పోతే 300. చేతి నిండా చిప్స్ ఉన్నప్పుడు 7, 6 ఒకే గుర్తువి, చిన్న జతలు, ఇవన్నీ చూడదగ్గ చేతులు. కానీ అవి ఎంత అరుదుగా పండుతాయో తెలిసి చూడాలి. ఒకే గుర్తు రెండు ముక్కలు పట్టుకుంటే ఫ్లాప్‌లో ఫ్లష్ డ్రా పడేది నూటికి 11 సార్లు. చిన్న జతకు మూడోది ఫ్లాప్‌లో తగిలేది నూటికి 12 సార్లు. బిగ్ బ్లైండ్‌కి 15 రెట్లు మాత్రమే మిగిలిన స్థితిలో ఫ్లాప్ చూద్దామని 7, 6తో పెంపుకి కాల్ చేయడం అంటే, తొమ్మిదింటిలో ఎనిమిదిసార్లు ఫ్లష్ డ్రా కూడా తగలకుండా ఆరో వంతు, ఏడో వంతు చిప్స్ వదులుకోవడం. తగిలినా అవతల గెలవడానికి పెద్దగా ఏమీ మిగిలి ఉండదు. అంత తక్కువ ఉన్నప్పుడు ఆ చేతులు పడేయాలి, లేదా అందరూ పడేసి నీదాకా వస్తే నువ్వే ముందు తోయాలి.

నీ ప్రశ్నలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. "అప్పటికే 2,500 పెట్టాను కదన్నా, వదలబుద్ధి కాలేదు" అన్నావు. మాది నర్సంపేట వైపు పల్లె. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా బాపు పత్తి చేనులో బోరు వేయించాడు. అంతకుముందు ఏడాది వేసింది ఎండిపోయింది. బండి రాత్రంతా నడిచింది, చుట్టూ చెట్ల ఆకుల మీద తెల్లటి పొడి. రాడ్డు దిగినప్పుడల్లా బండి మనిషి పలక ముక్క మీద సుద్దతో గీత గీస్తున్నాడు. 280 అడుగుల దగ్గర ఆపి, "ఇంకో వంద దింపుదామా పటేలా?" అని అడిగాడు. మా చిన్నాయన "ఇంత పెట్టినం, ఇప్పుడు ఆపుతమా" అన్నాడు. బాపు లేచి, బయటికొచ్చిన పొడిని గుప్పిట్లోకి తీసుకుని, పిసికి చూసి, తడి లేదని వదిలేశాడు. "దిగిన రాడ్లు దిగినయి. ఇంక దింపే వంద అడుగుల పైసలు ఇంకా నా జేబులనే ఉన్నయి" అని ఆపించాడు. కింద నీళ్లు ఉన్నాయో లేవో ఎవరికీ తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. ఆయన చూసింది ఆ పొడిని మాత్రమే. నువ్వు పెట్టిన 2,500 ఫ్లాప్ పడ్డ నిమిషం నుంచి నీవి కావు, పాట్‌వి. పాట్ ఎంత అనే లెక్కలో వాటిని కలుపుకో, "నావి" అని మాత్రం కలుపుకోకు.

ఇదే తప్పు నేనూ చేశాను. కొన్నేళ్ల క్రితం గోవాలో ఒక లైవ్ టోర్నమెంట్‌లో, ఇంకొక్కరు లేస్తే అందరికీ ప్రైజ్ అనే చోట, ఆసుతో ఫ్లష్ డ్రా పట్టుకుని ఆల్ ఇన్‌కి కాల్ చేశాను. చిప్స్ లెక్కలో ఆ కాల్ సరైనదే, అది వేసుకునే కాల్ చేశాను. పక్క టేబుల్‌లో ఒకతని దగ్గర రెండు బ్లైండ్లకి సరిపడా కూడా లేవు, అతను రెండు చేతుల్లో లేచిపోయేవాడు. నేను తల తిప్పి చూడలేదు. నేను లేచాక బూట్లు వేసుకుంటుంటే ఆ టేబుల్ దగ్గర చప్పట్లు వినిపించాయి.

కాబట్టి ఈ 60 శాతం అన్నది రాతి మీద గీత కాదు. మీ నలుగురిలో ఒకడి దగ్గర 2,000 మాత్రమే ఉండి ఉంటే నీకు కావలసిన శాతం ఇంకా పెరిగేది, ఎందుకంటే అతను లేచిపోయేదాకా ఆగితే చాలు. ఆ 2,000 ఉన్నవాడివి నువ్వే అయితే తగ్గిపోయేది. రెండు చేతుల్లో బ్లైండ్లే మింగేస్తాయి, 9, 8 ఒకే గుర్తువి నీకు బంగారమే, తోసేయ్. నీ దగ్గర 50,000 ఉండి మిగతావాళ్ల దగ్గర తలా 10,000 ఉంటే, నువ్వు డ్రాతో తోసినప్పుడు పోయేది 10,000, అవతలివాడికి పోయేది ఆట మొత్తం. అలాంటప్పుడు డ్రా చేతులు కాల్ చేయడానికి పనికిరాకపోయినా, తోయడానికి మంచి ఆయుధాలు. నాలుగో మనిషి లేచిపోయి ముగ్గురు మిగిలాక, 2 పాయింట్లు ఎటూ ఖాయం కాబట్టి కావలసిన శాతం మళ్లీ దిగుతుంది. ఐసీఎం లెక్కకు ఉచిత కాలిక్యులేటర్లు నెట్‌లో దొరుకుతాయి. చిప్స్, పాయింట్లు వేస్తే చాలు. ఆట మధ్యలో కాదు, ఆట అయ్యాక టీ తాగుతూ వేసి చూడండి. పది చేతులు అలా చూస్తే టేబుల్ మీద అంచనా దానంతటదే వస్తుంది.

ఇంకో సాధన. ఒంటరిగా ఒక పేక తీసుకుని అదే చెయ్యి, అదే ఫ్లాప్ పరిచి, మిగతా ముక్కలు కలిపి టర్న్, రివర్ తీస్తూ పో. వందసార్లు. ఆటీన్ వచ్చినప్పుడు గీత గియ్. మూడుసార్లలో రెండుసార్లు రాదన్న మాట తలకి తెలిస్తే చాలదు, చేతికి తెలియాలి. నలభయ్యోసారి దగ్గర కొన్నిసార్లు వరసగా రాకపోతుంటే "ఈసారి వస్తుంది" అని లోపల ఒక టెన్షన్ మొదలవుతుంది చూడు, టేబుల్ మీద నీ చేత కాల్ చేయించేది అదే.

డబ్బు లేకుండా ఆడుకుంటున్నారని రాశావు, అలాగే ఉంచండి. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట అని 1967లో సుప్రీంకోర్టు మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులోనే చెప్పింది కానీ, 2017లో తెలంగాణ గేమింగ్ చట్టాన్ని సవరించి నైపుణ్యం ఆటలకున్న ఆ మినహాయింపు తీసేశారు. 2025 ఆగస్టులో ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను దేశమంతా నిషేధిస్తూ కేంద్రం చట్టం తెచ్చింది. యాప్‌లో అప్పులు చేసి ఇల్లు పోగొట్టుకున్నవాళ్లను మా వీధిలోనే చూశాను. మీ పాయింట్ల పద్ధతిలో టోర్నమెంట్ లెక్కలన్నీ నేర్చుకోవచ్చు, ఎవరి ఇంట్లోనూ గొడవ ఉండదు.

రెండో ప్రశ్న మిగిలింది, ఫ్లాప్‌కి ముందు కాల్. 1,500 పెట్టి పాట్‌లో ఉన్న 4,000 కోసం, 27 శాతం చాలు. బటన్ నుంచి చాలా చేతులతో పెంచేవాడి మీద ఆటీన్ 9, 8కి అంతకన్నా బాగానే ఉంటుంది. ఆ ధర నాకు నచ్చింది, అతను అలాంటివాడైతే నేనూ కాల్ చేసేవాణ్ని. ముక్కల్ని పట్టి ఆడేవాడైతే పడేసేవాణ్ని. కాల్ చేసినప్పుడు మాత్రం ఫ్లాప్ తిప్పకముందే ఒకటి అనుకుని పెట్టుకుంటాను: ఫ్లష్ గానీ, రెండు జతలు గానీ పూర్తిగా తగిలితే ఆడతాను. డ్రా పడి, అతను చిన్న బెట్ వేస్తే, మనిషిని బట్టి తోస్తాను లేదా వదిలేస్తాను. డ్రా పడి, అతనే ముందు ఆల్ ఇన్ అంటే, నా రెండు ఆటీన్‌లనూ బోర్లా ముందుకు జరిపేసి, 17,500తో తర్వాతి చెయ్యి కోసం చూస్తాను.